అమెజాన్ పరీవాహక ప్రాంతపు శక్తి బడ్జెట్

అమెజాన్ పరీవాహక ప్రాంతపు శక్తి బడ్జెట్ అనగా దక్షిణ అమెరికాలో అమెజాన్ నది, దాని ఉపనదులు ప్రవహించే భూభాగానికీ, ఆ భూభాగంపైనున్న వాతావరణానికీ సూర్యుని నుండి చేరే శక్తి ఎంత, అది ఏయే రూపాలలోకి మారుతుంది, ఏయే మార్గాలలో బయటకు పోతుంది అని చూపే లెక్క. దీనిలో రెండు పద్దులుంటాయి. నేల, నీరు, చెట్లు కలిసిన ఉపరితలానికి ఒక పద్దు. దానిపైనున్న గాలి పొరలకు మరొక పద్దు. ఈ రెండింటినీ కలిపే ముడి నీటి ఆవిరి.

నది లెక్క అనగానే వర్షపాతం, ప్రవాహం గుర్తుకు వస్తాయి. వర్షాన్ని వర్షమాపకాలతోను, ఉపగ్రహాలతోను కొలుస్తారు. ప్రవాహాన్ని నదిపై కొలుస్తారు. కాని నేల నుండి, ఆకుల నుండి పైకి పోయే ఆవిరిని పరీవాహక ప్రాంతమంతటా నేరుగా కొలిచే సాధనం లేదు. నీరు ఆవిరి కావాలంటే శక్తి ఖర్చు కావాలి గనుక, శక్తి లెక్క సరిగా కట్టగలిగితే ఆవిరి ఎంతో తెలుస్తుంది. నీటి లెక్కకు శక్తి లెక్క తనిఖీదారు వంటిది. అమెజాన్ విషయంలో ఈ తనిఖీకి మరొక ప్రాముఖ్యం కూడా ఉన్నది. అక్కడ ఉపరితలానికి మిగిలే శక్తిలో అధిక భాగాన్ని ఆవిరిగా మార్చేది అడవి. అడవిని తొలగిస్తే ఈ పద్దులోని అంకెలు మారి, చివరకు వర్షం కూడా మారుతుంది.

పరీవాహక ప్రాంతం

అమెజాన్ పరీవాహక ప్రాంతపు విస్తీర్ణం సుమారు 60 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇది భారతదేశ విస్తీర్ణానికి దాదాపు రెండింతలు. టొకాంటిన్స్ నదిని కూడా కలిపితే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అధిక భాగం బ్రెజిల్‌లోను, మిగిలినది పెరూ, బొలీవియా, కొలంబియా, ఈక్వడార్ తదితర దేశాలలోను ఉన్నది. పశ్చిమాన ఆండీస్ పర్వతాలు గోడవలె నిలిచి ఉండగా, తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం వైపు ప్రాంతమంతా తెరచి ఉంటుంది. సముద్రం నుండి వ్యాపార పవనాలు తెచ్చే తేమ ఈ విశాలమైన మైదానంలోకి అడ్డు లేకుండా ప్రవేశించి, పర్వతాలను తాకి, దక్షిణం వైపుకు మళ్లుతుంది.

ఉపరితలపు పద్దు

ఈ వ్యాసంలోని శక్తి పరిమాణాలన్నీ చదరపు మీటరుకు వాట్లలో ఉన్నాయి. రాత్రింబవళ్లను, సంవత్సరంలోని అన్ని నెలలను కలిపి తీసిన సగటులు ఇవి. వేర్వేరు అధ్యయనాలలో అంకెలు కొంత అటూఇటూ ఉంటాయి కనుక ఇక్కడ గుండ్రంగా చేసి ఇవ్వబడినవి.

భూమధ్యరేఖ వద్ద వాతావరణపు పై అంచుకు చేరే సౌరశక్తి సుమారు 415 వాట్లు. దానిలో కొంత మేఘాల వలన తిరిగి అంతరిక్షంలోకి పరావర్తనం చెందుతుంది. కొంతను గాలిలోని ఆవిరి, ధూళి పీల్చుకుంటాయి. అమెజాన్ ఉపరితలానికి చేరేది 190 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. ఏటవాలు ఎండ వలన కాక, దట్టమైన మేఘాల వలన ఇంత తగ్గడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. పైనుండి చూస్తే అడవి ముదురు రంగులో ఉంటుంది. తనపై పడిన కాంతిలో సుమారు 13 శాతాన్ని మాత్రమే అది వెనుకకు పంపుతుంది. ఈ భాగాన్ని ఆల్బిడో అంటారు.

ఉపరితలం తన వంతుగా దీర్ఘతరంగ వికిరణం రూపంలో సుమారు 455 వాట్లను పైకి పంపుతుంది. అయితే తేమతో, మేఘాలతో నిండిన గాలి దాదాపు 415 వాట్లను తిరిగి కిందికి పంపుతుంది. అందువలన ఈ మార్గంలో నికర నష్టం 40 వాట్లు మాత్రమే. ఎడారులలో రాత్రివేళ నేల త్వరగా చల్లబడి, అమెజాన్‌లో రాత్రి కూడా ఉక్కగా ఉండడానికి ఈ తేడాయే కారణం.

అన్నీ కూడి, తీసివేయగా ఉపరితలానికి మిగిలేది సుమారు 120 వాట్లు. దీనిని నికర వికిరణం అంటారు. ఈ మిగులు నాలుగు విధాలుగా ఖర్చవుతుంది: నీటిని ఆవిరి చేయడానికి, తనను తాకే గాలిని వేడి చేయడానికి, నేలను, చెట్ల మొదళ్లను వేడి చేయడానికి, కిరణజన్య సంయోగక్రియకు. చివరిది ఒకటి రెండు శాతం మించదు. నేలలోకి పోయే వేడి పగలు చేరి రాత్రి బయటకు వస్తుంది కనుక సంవత్సరపు లెక్కలో దాదాపు సున్నా అవుతుంది. దట్టమైన అడవి నీడలో నేల మరీ తక్కువగా వేడెక్కుతుంది. అయితే గంటల లెక్కలో చెట్ల కలపలోను, కొమ్మల మధ్య గాలిలోను నిలువ ఉండే వేడిని ఉపేక్షించరాదు. ముఖ్యంగా సూర్యోదయం తరువాతి గంటలలో ఇది చదరపు మీటరుకు పదుల వాట్ల వరకు ఉంటుంది.

కనుక సంవత్సరపు లెక్కలో నిలిచే పద్దులు రెండే. ఆవిరితో పాటు కనబడకుండా పైకి పోయే వేడిని గుప్తోష్ణం అంటారు. గాలి వేడెక్కడం ద్వారా పైకి పోయే వేడిని, ఉష్ణమాపకంలో కనబడుతుంది కనుక, సంవేద్య ఉష్ణం అంటారు. ఈ రెండవ దానిని మొదటి దానితో భాగిస్తే వచ్చేది బోవెన్ నిష్పత్తి. అమెరికా శాస్త్రవేత్త ఐరా బోవెన్ 1926లో దీనిని ప్రతిపాదించాడు. అమెజాన్ పరీవాహక ప్రాంతం మొత్తానికి ఇది సుమారు మూడింట ఒకటి. ఎడారులలో ఇది ఒకటికి ఎన్నో రెట్లు ఉంటుంది.

నీటి పద్దుతో పోల్చి చూడడం

పై అంకెలు సరైనవో కావో నీటి లెక్కతో సరిచూడవచ్చు. ఒక కిలోగ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 24.5 లక్షల జౌళ్ల శక్తి కావాలి. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు లోతున నిలిచిన నీరు బరువులో ఒక కిలోగ్రాము. దానిని ఒక రోజు, అనగా 86,400 సెకన్లు పట్టి ఆవిరి చేస్తే, ఆ ఖర్చు సెకనుకు సుమారు 28 జౌళ్లు, అంటే 28 వాట్లు. రోజుకు ఒక మిల్లీమీటరు ఆవిరికి 28 వాట్లు అన్న ఈ ఒక్క సూత్రం గుర్తుంటే నీటి లెక్కను శక్తి లెక్కగా, శక్తి లెక్కను నీటి లెక్కగా మార్చవచ్చు.

అమెజాన్ నది సముద్రంలోకి చేర్చే నీరు సెకనుకు సుమారు 2 లక్షల ఘనపు మీటర్లు. ఒక సంవత్సరపు ప్రవాహాన్ని పరీవాహక ప్రాంతమంతటా సమంగా పరిస్తే 1,050 మిల్లీమీటర్ల లోతు వస్తుంది. సగటు వార్షిక వర్షపాతం 2,200 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. కొన్నేళ్ల సగటులో నేలలో నిలువ ఉన్న నీరు పెద్దగా మారదని అనుకుంటే, మిగిలిన 1,150 మిల్లీమీటర్లు ఆవిరిగా పోయినట్లే. అనగా రోజుకు 3.15 మిల్లీమీటర్లు, సుమారు 89 వాట్లు. నికర వికిరణం 120లో ఇది పోగా గాలిని వేడి చేయడానికి 31 వాట్లు మిగులుతాయి. బోవెన్ నిష్పత్తి మూడింట ఒకటికి దగ్గరగా ఉండడం ఇందువలననే.

చదరపు మీటరుకు 89 వాట్లంటే స్వల్పంగా అనిపించవచ్చు. 60 లక్షల చదరపు కిలోమీటర్లకు ఈ లెక్క కడితే 530 లక్షల కోట్ల వాట్లు దాటుతుంది. ప్రపంచంలోని మానవులందరూ అన్ని అవసరాలకు కలిపి వాడే శక్తి రేటు సుమారు 20 లక్షల కోట్ల వాట్లు. దానికి 25 రెట్లకు పైగా శక్తిని ఈ ఒక్క పరీవాహక ప్రాంతం నీటిని పైకెత్తడానికి వెచ్చిస్తున్నది.

వాతావరణపు పద్దు

పైకి పోయిన ఆవిరి చల్లబడి మేఘమై, వర్షంగా మారినప్పుడు దాగి ఉన్న వేడి గాలిలోకి విడుదల అవుతుంది. అయితే అమెజాన్‌పై కురిసే వర్షమంతా అక్కడి ఆవిరి నుండే రాదు. సముద్రం నుండి వచ్చిన తేమ కూడా అక్కడే కురుస్తుంది. 2,200 మిల్లీమీటర్ల వర్షం అంటే రోజుకు 6 మిల్లీమీటర్లు. దాని వలన గాలికి చేరే వేడి సుమారు 170 వాట్లు. దానికి ఉపరితలం నుండి వచ్చే 31 వాట్ల సంవేద్య ఉష్ణాన్ని కలిపితే 200 వాట్లు అవుతుంది.

ఈ వేడి అంతా ఎక్కడకు పోతుంది? వాతావరణం సూర్యకాంతిని కొంత పీల్చుకున్నప్పటికీ, దీర్ఘతరంగ వికిరణం ద్వారా అంతకు మించి కోల్పోతుంది. కాని ఆ నికర నష్టం పై 200 వాట్లలో సగమో, అంతకు తక్కువో మాత్రమే. మిగిలినదానిని గాలులే మోసుకొని పోవాలి. కింది పొరలలో గాలి తేమను తెస్తూ లోపలికి వస్తుంది. మేఘాలలో పైకి లేస్తుంది. 10 కిలోమీటర్లకు పైన వెలుపలికి విస్తరిస్తుంది. పైకి లేచిన గాలిలో వేడితో పాటు, ఎత్తు వలన కలిగిన స్థితిజశక్తి కూడా ఉంటుంది. తేమ రూపంలో శక్తిని దిగుమతి చేసుకొని, వేడి, ఎత్తుల రూపంలో అంతకన్నా కొంత ఎక్కువ ఎగుమతి చేసే కర్మాగారంగా అమెజాన్ వాతావరణాన్ని చెప్పుకోవచ్చు. దక్షిణార్ధగోళపు వేసవిలో బొలీవియాపై ఎగువ వాతావరణంలో ఏర్పడే అధిక పీడన మండలం ఈ ఉష్ణ విడుదల యొక్క ఫలితమే. దీనిని బొలీవియన్ హై అని పిలుస్తారు.

తేమలో ఒక భాగం అక్కడే కురవక, ఆండీస్ తూర్పు అంచు వెంబడి వీచే గాలులతో దక్షిణంగా లా ప్లాటా నదీ ప్రాంతం వరకు పోతుంది. బ్రెజిల్‌లో వీటికి ఎగిరే నదులు అని పేరు. బ్రెజిల్ దక్షిణ భాగపు వ్యవసాయం, జలవిద్యుత్తు కొంతవరకు ఈ తేమపై ఆధారపడి ఉన్నాయి.

ఋతువులతో వచ్చే మార్పు

ఎండాకాలంలో నేల ఎండి, ఆవిరి తగ్గి, గాలి ఎక్కువగా వేడెక్కాలని సాధారణంగా ఎవరైనా ఊహిస్తారు. పూర్వపు వాతావరణ నమూనాలు కూడా అలాగే చూపేవి. మధ్య, తూర్పు అమెజాన్ అడవులలో జరిగేది దీనికి విరుద్ధం. అక్కడ వర్షాలు తగ్గిన నెలలలో మేఘాలు పలచబడి ఎండ పెరుగుతుంది. ఆవిరి కూడా దానితో పాటే పెరుగుతుంది. సంతరేం నగరానికి సమీపంలోని తపజోస్ అడవిలో నిలిపిన స్తంభాల కొలతలు 2000 తరువాతి సంవత్సరాలలో దీనిని స్పష్టం చేశాయి.

వర్షం లేనప్పుడు నీరు ఎక్కడ నుండి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం వేళ్లలో ఉన్నది. పారా రాష్ట్రంలోని పరగోమినాస్ వద్ద జరిగిన పరిశోధనలో చెట్ల వేళ్లు 8 మీటర్లకు పైగా లోతు నుండి నీటిని తోడుకుంటున్నట్లు 1994లో వెల్లడైంది. నేలపైని ఒకటి రెండు మీటర్ల మట్టిని మాత్రమే లెక్కలోకి తీసుకున్న నమూనాలు ఎందుకు తప్పాయో దీనితో తేలిపోయింది. దక్షిణపు అంచులలో, సెరాడో పచ్చికబయళ్లకు దగ్గరగా ఉన్న ప్రాంతాలలో మాత్రం ఎండాకాలంలో నీటి కొరత నిజంగానే ఆవిరిని తగ్గిస్తుంది. కనుక ఒక స్తంభపు కొలతను పరీవాహక ప్రాంతమంతటికీ వర్తింపజేయడం సరికాదు.

దక్షిణ అమెజాన్‌లో వర్షాకాలం ఆరంభం కూడా చెట్లతో ముడిపడి ఉన్నది. సముద్రపు తేమను తెచ్చే గాలులు స్థిరపడడానికి రెండు మూడు నెలల ముందే అక్కడ వానలు మొదలవుతాయి. ఎండాకాలపు చివరలో ఆకులు విడిచిన ఆవిరి గాలిలో తేమను పెంచి మేఘాలకు దారి చేస్తుందని, ఉపగ్రహాలు కొలిచిన భార హైడ్రోజన్ పాళ్ల ఆధారంగా 2017లో ఒక అధ్యయనం చూపింది.

కొలతల చరిత్ర

భూతలపు ఉష్ణ సంతులనాన్ని ప్రపంచవ్యాప్తంగా లెక్కించిన వారిలో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బుడికో ముఖ్యుడు. ఆయన గ్రంథం 1956లో వెలువడింది. అయితే అమెజాన్ అడవిపైన నేరుగా కొలతలు తీసుకోవడం చాలాకాలం సాధ్యపడలేదు. మనౌస్ నగరం చెంతనున్న డూకే అభయారణ్యంలో 1983 - 85 మధ్య బ్రెజిల్, బ్రిటన్ శాస్త్రవేత్తలు చెట్ల శిఖరాలకు పైగా స్తంభాన్ని నిలిపి రెండేళ్లపాటు కొలిచారు. అక్కడ కురిసిన వర్షంలో సుమారు సగం తిరిగి ఆవిరవుతున్నదని, అందుకు నికర వికిరణంలో దాదాపు 90 శాతం ఖర్చవుతున్నదని వారు తేల్చారు. ఇది పరీవాహక ప్రాంతపు సగటు కన్నా ఎక్కువ. తడి అడవి మధ్యలోని కొలత కనుక అలా ఉండడం సహజం.

తరువాత 1990లలో అబ్రకోస్ పథకం కింద అడవిని, దాని పక్కనే నరికి ఏర్పరచిన పచ్చికబయళ్లను జంటగా కొలిచారు. ప్రపంచ శక్తి, జలచక్ర ప్రయోగం (జివెక్స్) ఆధ్వర్యంలో మిసిసిపీ, మెకంజీ నదుల పరీవాహక ప్రాంతాలు, బాల్టిక్ సముద్ర ప్రాంతం, ఆసియా ఋతుపవన ప్రాంతాలతో పాటు అమెజాన్ కూడా ఖండస్థాయి అధ్యయనాలకు ఎంపికైంది. ఆ క్రమంలో బ్రెజిల్ నాయకత్వాన 1998లో ఎల్‌బిఎ అనే బృహత్తర ప్రయోగం ఆరంభమైంది. మనౌస్‌కు ఈశాన్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో 325 మీటర్ల ఎత్తు గల అట్టో స్తంభం 2015లో ప్రారంభమైంది.

లెక్క సరిపోకపోవడం

శక్తి నిత్యత్వ నియమం ప్రకారం రాబడి, ఖర్చు సమానం కావాలి. వాస్తవంలో స్తంభాలపై కొలిచిన గుప్తోష్ణం, సంవేద్య ఉష్ణం కలిపితే నికర వికిరణం కన్నా తరచుగా 10 నుండి 30 శాతం తక్కువగా వస్తాయి. ఇది అమెజాన్‌కే పరిమితమైన సమస్య కాదు. గాలి పైకి, కిందికి కదిలే వేగాన్ని, దానిలోని ఆవిరిని సెకనుకు పది లేక అంతకు మించిన సార్లు నమోదు చేసే ఈ పద్ధతి చిన్న సుడులను బాగా పట్టుకుంటుంది. నెమ్మదిగా కదిలే పెద్ద గాలి వలయాలు, రాత్రివేళ లోయలలోకి జారే చల్లని గాలి దానికి చిక్కవు.

వర్షం కొలతలోనూ ఒక చిక్కున్నది. పాత వర్షమాపకాలు చాలావరకు నది ఒడ్డున గల పట్టణాలలో ఉన్నాయి. పగటిపూట వెడల్పైన నది చల్లగాను, పక్కనున్న నేల వేడిగాను ఉండడం వలన నది నుండి ఒడ్డుకు గాలి వీచి మేఘాలను లోపలికి నెడుతుంది. ఆ విధంగా మధ్యాహ్నపు వానలు ఒడ్డున తగ్గి, లోపలి అడవిలో పెరుగుతాయి. నది పక్కన కొలిచిన వర్షాన్ని ప్రాంతమంతటికీ వర్తింపజేస్తే లెక్క కొంత తగ్గిపోతుంది.

వాతావరణ నమూనాలలోకి గత పరిశీలనలను చొప్పించి తయారు చేసే పునర్విశ్లేషణ గణాంకాలు ఖాళీలను పూరిస్తాయి. కాని వాటిలో శక్తి, నీరు పూర్తిగా సంతులనం కావు. పరిశీలనలను చొప్పించిన ప్రతిసారీ నమూనా సహజ గతి నుండి కొంత పక్కకు జరుగుతుంది. వీటి అంకెలను వాడేటప్పుడు మిగులు పద్దును కూడా చూపడం సరైన పద్ధతి. ఉపగ్రహాలలో సెరెస్ పరికరాలు వాతావరణపు పై అంచు వద్ద వికిరణాన్ని కొలుస్తున్నాయి. గ్రేస్ జంట ఉపగ్రహాలు 2002 నుండి 2017 వరకు, వాటి వారసులు 2018 నుండి, భూమ్యాకర్షణలో కలిగే మార్పుల ద్వారా నేలలోను, నదులలోను నిలిచిన నీటి హెచ్చుతగ్గులను చూపుతున్నాయి. దీనితో ఒక్కొక్క ఋతువుకు కూడా ఆవిరిని మిగులుగా లెక్కించడం సాధ్యమైంది.

తేమ మళ్లీ మళ్లీ కురవడం

అమెజాన్ వానలో అడవి వాటా ఎంత అన్న ప్రశ్నకు బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనేయాస్ సలాతి, ఆయన సహచరులు 1979లో ఒక చక్కని ఆధారం చూపారు. వర్షం కురిసినప్పుడు ఆక్సిజన్-18 గల బరువైన నీరు ముందుగా రాలిపోతుంది. కనుక సముద్రం నుండి లోపలికి పోయేకొలది వాన నీరు క్రమంగా తేలికవాలి. అట్లాంటిక్ తీరం నుండి ఆండీస్ వరకు ఈ తగ్గుదల ఊహించిన దానికన్నా స్వల్పంగా కనబడింది. చెట్లు నేలలోని నీటిని బరువు, తేలిక అనే భేదం లేకుండా ఆవిరిగా విడవడం వలన గాలికి బరువైన నీరు తిరిగి చేరుతున్నదని దీని అర్థం. వర్షంలో సగం వరకు ఇలా మళ్లీ కురిసినదే అని అప్పటి అంచనా. తరువాత 1990లలో జరిగిన లెక్కలు దీనిని 25 - 35 శాతానికి తగ్గించాయి. పశ్చిమానికి పోయేకొలది ఈ వాటా పెరుగుతుంది.

అడవి నరికివేత

బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలోను, ఇతర చోట్లను జరిపిన జంట కొలతలలో అడవి ఆల్బిడో సుమారు 13 శాతం, పచ్చికబయలుది 18 శాతం అని తేలింది. పచ్చిక ఎక్కువ కాంతిని వెనుకకు పంపుతుంది. పగలు ఎక్కువ వేడెక్కి ఎక్కువ దీర్ఘతరంగ వికిరణాన్ని కూడా పోగొట్టుకుంటుంది. అందువలన దాని నికర వికిరణం అడవి కన్నా సుమారు పదో వంతు తక్కువ. రాబడి తగ్గినా పచ్చికబయలు చల్లగా ఉండదు. దాని వేళ్లు లోతుకు పోవు కనుక ఎండాకాలంలో ఆవిరి బాగా తగ్గి, మిగిలిన శక్తి గాలిని వేడి చేస్తుంది. తక్కువ సంపాదించి ఎక్కువ వేడెక్కే ఈ వైచిత్రి శక్తి పద్దు చూడనిదే బోధపడదు.

పరీవాహక ప్రాంతపు అడవి అంతా పచ్చికగా మారితే ఏమవుతుందని జగదీశ్ శుక్లా, కార్లోస్ నోబ్రే, పియర్స్ సెల్లర్స్ 1990 - 91లో కంప్యూటరు నమూనాతో పరిశీలించారు. ఉష్ణోగ్రత 1 నుండి 3 డిగ్రీలు పెరుగుతుందని, ఆవిరి సుమారు 30 శాతం, వర్షం 25 శాతం తగ్గుతాయని వారి ఫలితం. చిన్న చిన్న నరికివేతల పైన మాత్రం మధ్యాహ్నపు మేఘాలు పెరిగిన సందర్భాలున్నాయి. వేడెక్కిన ఖాళీ జాగా పక్క అడవి నుండి తేమ గాలిని లాక్కోవడం దీనికి కారణం. విస్తీర్ణం పెరిగి ఆ పక్క అడవి కూడా లేనప్పుడు ఈ లాభం ఉండదు. ఇప్పటివరకు అమెజాన్ అడవిలో సుమారు ఆరో వంతు పోయింది. నష్టంలో అధిక భాగం దక్షిణ, తూర్పు అంచులలోనే జరిగింది. తేమ గాలులు లోపలికి ప్రవేశించే దారీ, ఎండాకాలం ఎక్కువగా ఉండే ప్రాంతమూ ఇవే కావడం గమనార్హం. తగులబెట్టిన అడవి పొగ సూర్యకాంతిని అడ్డగించి రాబడిని మరికొంత తగ్గిస్తుంది.

2023 - 24 కరువు

అమెజాన్‌లో 2005, 2010, 2015 - 16 సంవత్సరాలలో తీవ్రమైన కరువులు వచ్చాయి. 2023 అక్టోబరులో మనౌస్ వద్ద నెగ్రో నది నీటిమట్టం, 1902లో నమోదులు మొదలైన తరువాత కనీస స్థాయికి పడిపోయింది. 2024 అక్టోబరులో అంతకన్నా కిందికి దిగింది.

నీరు తగ్గడం వలన శక్తి పద్దు ఎలా తారుమారవుతుందో ఆ కరువులో తెఫే సరస్సు వద్ద కనబడింది. 2023 సెప్టెంబరు చివరి వారంలో ఆ సరస్సులో గులాబీ రంగు నది డాల్ఫిన్లు, తుకుషీ అనే మరొక జాతి డాల్ఫిన్లు వందకు పైగా మరణించాయి. నీటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినట్లు తరువాతి పరిశోధనలో వెల్లడైంది. సరస్సు లోతు కొన్నిచోట్ల రెండు మీటర్లకు తగ్గగా, మేఘాలు లేని ఎండ అంతా ఆ కొద్దిపాటి నీటిలోనే ఇంకింది. నీరు బురదగా ఉండడం వలన కాంతిని పై పొరలే పీల్చుకున్నాయి. గాలి దాదాపు స్తంభించిపోవడంతో ఆవిరి ద్వారా చల్లబడే మార్గం మూసుకుపోయింది. అదే కాలంలో గమనించిన పది సరస్సులలో అయిదింటి నీరు 37 డిగ్రీలు దాటింది.